తెలిసీ తెలియదనడం: జ్ఞాపకశాస్త్రం లెక్కలోకి రాని జరిమానా

ధవళేశ్వరంలో ఆనకట్ట సంగతులు చెప్పమని వాడలో పెద్దవాళ్ళని అడిగితే ముందుగా వచ్చే మాట ఒకటే: "మాకేం తెలుసండీ, చదువుకున్నోళ్ళని అడగండి." మేము ఎన్నిసార్లు వెళ్ళినా ఈ మాట వినకుండా వెనక్కి రాలేదు. ఆ మాట అయ్యాక ఒక గంట అరుగు మీద కూచుంటే మిగతాదంతా వస్తుంది. కాలవలు ఎప్పుడు కట్టేసేవారు, మళ్ళీ ఎప్పుడు వదిలేవారు, కొండరాయి ఎలా మోసేవారని తాతలు చెప్పేవారు, 1986 ఆగస్టు వరదకి ఎవరెవరు ఎటు పోయి తలదాచుకున్నారు, అన్నీ వరసపెట్టి చెప్తారు. అంటే వాళ్ళకి తెలుసు. తెలుసునన్న సంగతీ తెలుసు. అయినా నోట్లోంచి వచ్చే మొదటి మాట "తెలియదు".

ఈ "తెలియదు"ని ఏమనాలి? మరుపు అనాలా, వినయం అనాలా, భయం అనాలా? బడిలో పంతులుగారు దాన్ని మరుపు అంటాడు. ఊళ్ళో పెద్దమనిషి వినయం అంటాడు. మేము ఈ రెండూ ఒప్పుకోం. అలాగని ఊరికే కాదంటే సరిపోదు. ఈ ప్రశ్నకి బాగా దగ్గరగా వచ్చిన శాస్త్రపరిశోధన ఒకటుంది. హైఫా విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఆషర్ కోరియట్, తన సహపరిశోధకులతో కలిసి జ్ఞాపకం గురించీ, మెటాకాగ్నిషన్ గురించీ దశాబ్దాలపాటు చేసిన పని అది. ఆ పనిని ఇక్కడ వాడ వైపు నుంచి చదువుతున్నాం. మెచ్చుకోవలసింది మెచ్చుకుంటాం. అడగవలసింది అడుగుతాం.

1. గేజీ, గేట్లు

మెటాకాగ్నిషన్ అంటే పెద్ద బ్రహ్మపదార్థమేమీ కాదు. మనకి ఏం తెలుసో, ఏం తెలియదో మనకే తెలియడం. ఎరుక మీద ఎరుక. పేరు నోట్లో మెదులుతుంటుంది, బయటికి రాదు. "ఉండు, నాకు తెలుసు, ఇప్పుడే చెప్తా" అంటాం. చెప్పలేకపోతూనే తెలుసునని ఎలా అనగలుగుతున్నాం? 1965లో జోసెఫ్ హార్ట్ దీన్ని ప్రయోగానికి పెట్టాడు. జవాబు గుర్తురానప్పుడు కూడా "నాకు తెలుసు" అనే ఆ భావన ఉత్తుత్తిదేం కాదనీ, తర్వాత నాలుగు జవాబులు ముందుపెడితే సరైనదాన్ని గుర్తుపట్టే అవకాశాన్ని అది చాలావరకు ముందే చెప్పగలదనీ తేల్చాడు. మెటాకాగ్నిషన్ అన్న మాటని పిల్లల మనస్తత్వశాస్త్రంలో స్థిరపరచింది జాన్ ఫ్లావెల్, 1979 నాటి వ్యాసంతో. 1990లో థామస్ నెల్సన్, లూయీ నారెన్స్ దీనికొక చట్రం కట్టారు. మనసులో రెండు పనులు జరుగుతాయన్నారు. ఒకటి చూసుకోవడం, రెండు అదుపు చేసుకోవడం.

ధవళేశ్వరంవాళ్ళకి దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. బ్యారేజీ దగ్గర నీటిమట్టం చూసే గేజీ ఉంది. 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మట్టం చూడటం ఒక పని. చూసినదాన్నిబట్టి గేట్లు ఎత్తడం, దించడం ఇంకో పని. మనసులోనూ అంతే. "ఇది నాకు గట్టిగానే తెలుసు" అన్నది గేజీ. "అయితే చెప్తా" లేదా "ఊరుకుంటా" అన్నది గేటు.

మరి గేజీ దేన్ని కొలుస్తుంది? 1993లో కోరియట్ చెప్పిన జవాబు చాలామందిని ఇబ్బంది పెట్టింది. లోపల దాగిన జవాబుని గేజీ నేరుగా చూడలేదన్నాడు. వెతుకుతున్నప్పుడు పైకి తేలే తునకలు ఎన్ని, ఎంత తేలిగ్గా తేలుతున్నాయి అన్నదాన్నిబట్టే "తెలుసు" అన్న భావన పుడుతుందన్నాడు. ఆ తునకలు తప్పువైనా సరే. అంటే ధీమా వేరు, నిజం వేరు. మాకు కోరియట్ పనికొచ్చేది మొదట ఇక్కడే. ఎవరైనా ధీమాగా చెప్పినంత మాత్రాన వాళ్ళకి తెలిసినట్టు కాదు. తడబడినంత మాత్రాన తెలియనట్టూ కాదు.

2. గాదె లెక్క, ధారణ లెక్క

జ్ఞాపకం అనగానే మన తెలుగు పండితులు గాదెని ఊహించుకుంటారు. ఎన్ని బస్తాలు పోశారు, ఎన్ని తిరిగి తీశారు, అదీ లెక్క. అవధానం అందుకే వాళ్ళకి జ్ఞాపకశక్తికి పరాకాష్ఠ. వందమంది పృచ్ఛకుల పద్యాలన్నీ చివర్లో ఒప్పజెప్పడాన్ని ధారణ అంటారు. అది తేలిక పనేం కాదు, మేము కాదనం. అయితే జ్ఞాపకాన్ని కొలవడానికి అదొక్కటే కొలమానం అయినప్పుడు మాకు పేచీ ఉంది. జాంబపురాణాన్ని తరతరాలుగా నోటిమీద నిలిపిన డక్కలివారి జ్ఞాపకాన్ని ఏ పండితసభ ధారణ అని పిలిచింది?

1996లో కోరియట్, మోరిస్ గోల్డ్‌స్మిత్ సరిగ్గా ఈ గాదె ఉపమానం మీదే దెబ్బకొట్టారు. ప్రయోగశాలలో జ్ఞాపకాన్ని గోదాములాగా చూశారనీ, ఎన్ని వస్తువులు మిగిలాయని లెక్కబెట్టారనీ, జీవితంలో మాత్రం మనకి కావలసింది వేరనీ అన్నారు. ఒక మనిషి చెప్పినదాంట్లో ఎంత నిజం ఉంది? అది అసలు ప్రశ్న. ఈ రెండు లెక్కలూ ఒకటి కావు. పది విషయాలు చెప్పి అయిదు తప్పు చెప్పినవాడు ఉంటాడు. నాలుగే చెప్పి నాలుగూ నిజం చెప్పినవాడూ ఉంటాడు. గాదె లెక్కలో మొదటివాడు గెలుస్తాడు. నిజం లెక్కలో రెండోవాడు గెలుస్తాడు.

వాళ్ళ ప్రయోగం కూడా సూటిగానే ఉంటుంది. ప్రశ్నలిస్తారు. కొందర్ని ప్రతిదానికీ జవాబు చెప్పితీరాలని బలవంతపెడతారు. కొందరికి "తెలియకపోతే వదిలెయ్యండి" అని స్వేచ్ఛ ఇస్తారు. స్వేచ్ఛ ఉన్నప్పుడు మనుషులు తమ గేజీ చూసుకుని, నమ్మకం తక్కువున్న జవాబుల్ని లోపలే ఆపేసుకుంటారు. చెప్పినవాటిలో నిజం పాలు పెరుగుతుంది. తర్వాత ఇంకో మెలిక పెట్టారు. ఒప్పుకి వచ్చే బహుమతి కంటే తప్పుకి పడే జరిమానాని బాగా పెంచారు. అప్పుడేమైంది? మనుషులు తమ గీతని ఇంకా పైకి జరుపుకున్నారు. బాగా గట్టిగా తెలిస్తే తప్ప నోరు విప్పలేదు. ఆ క్రమంలో తెలిసిన జవాబులు కొన్ని కూడా లోపలే ఉండిపోయాయి.

ఈ ఒక్క మాట దగ్గర మేము ఆగుతాం. జరిమానా పెరిగితే తెలిసినవాడు కూడా ఊరుకుంటాడు. అది మరుపు కాదు. అది లెక్క.

3. జరిమానా అందరికీ ఒకటేనా?

ప్రయోగశాలలో జరిమానా అందరికీ ఒకటే. ఎదురుగా కూచున్న విద్యార్థి ఎవరి కొడుకైనా తప్పుకి పోయే డబ్బు సమానం. ప్రయోగం అలాగే చెయ్యాలి, దాన్ని తప్పుపట్టం. కానీ ఆ ప్రయోగంలోంచి బయటికొచ్చి బడి గురించీ, కోర్టు గురించీ మాట్లాడేటప్పుడు కూడా జరిమానా అందరికీ సమానమేనని అనుకుంటే అది శాస్త్రం కాదు, కళ్ళుమూసుకోవడం.

మాలో ఒకరి చిన్ననాటి సంగతి. డెల్టాలోనే ఒక బడి, పేరు అక్కర్లేదు. ఎక్కాలు ఒప్పజెప్పేటప్పుడు పక్కనున్న రైతుల పిల్లాడు తప్పు చెప్తే మాస్టారు "తొందరపడ్డావురా" అన్నాడు. మావాడు తప్పు చెప్తే "మీవాళ్ళకి చదువెక్కడొస్తుందిరా" అన్నాడు. క్లాసంతా నవ్వింది. తప్పు ఒకటే. మొదటివాడికి పడిన జరిమానా ఆ ఒక్క తప్పుకే. రెండోవాడికి పడిన జరిమానాలో వాళ్ళమ్మ ఉంది, నాన్న ఉన్నాడు, వాడంతా ఉంది. మర్నాటినుంచి మావాడు చెయ్యెత్తడం మానేశాడు. పన్నెండో ఎక్కం వచ్చినా ఎత్తలేదు. "వీడికి జ్ఞాపకశక్తి లేదు" అని మాస్టారు తేల్చాడు. పరీక్షలో అన్నీ రాస్తే "ఎవరిది చూసి రాశావు?" అన్నాడు. నోరు విప్పకపోతే మరుపు, విప్పితే దొంగతనం!

ఈ జరిమానా నిన్నా మొన్నా పుట్టింది కాదు. గౌతమ ధర్మసూత్రం వేదానికి సంబంధించి శూద్రుడికి మూడు శిక్షలు వేసింది. వింటే చెవుల్లో కరిగించిన లోహం, లక్క. పలికితే నాలుక కోత. గుర్తుంచుకుంటే శరీరాన్నే చీల్చడం. మూడో శిక్ష చెప్పేచోట సూత్రం వాడిన మాట ఏంటో తెలుసా? ధారణ. అవధాన సభలో శాలువా కప్పించే మాట, ధర్మసూత్రంలో ఒళ్ళు చీల్పించే మాట, రెండూ ఒకటే. పంచముణ్ణి ఆ సూత్రం ఆ లెక్కలోకి కూడా తీసుకోలేదు. ఆ శిక్షలు ఏ ఊళ్ళో ఎంతమందికి అమలయ్యాయన్నది వేరే చర్చ. జ్ఞాపకానికే జరిమానా రాసిపెట్టుకున్న సమాజం ఇదన్నది మాత్రం చర్చ అక్కర్లేని నిజం. వినడం, పలకడం, గుర్తుంచుకోవడం అనే మూడు మెట్లనీ వాళ్ళు ఎంత పద్ధతిగా విడదీశారో చూడండి. జ్ఞాపకశాస్త్రజ్ఞులు ఈనాడు విడదీసే మెట్లు ఇంచుమించు ఇవే.

ఇవన్నీ పాత పుస్తకాల కబుర్లు అనేవారికి ఇటీవలి ప్రయోగం ఒకటి చెప్తాం. కార్లా హాఫ్, ప్రియాంకా పాండే ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఆరు, ఏడు తరగతుల మగపిల్లలకి చిక్కుదారుల పజిళ్ళు ఇచ్చారు. కులం పైకి చెప్పనప్పుడు అగ్రకులాల పిల్లలకీ, కింది కులాల పిల్లలకీ తేడా కనబడలేదు. అందరిముందూ పేరుతోపాటు కులం కూడా చదివినప్పుడు కింది కులాల పిల్లల ఫలితం పడిపోయింది. ఇది 2006లో అచ్చయింది. అవి జ్ఞాపకం పరీక్షలు కావు, పజిళ్ళు. పైగా ఈ కోవకి చెందిన ప్రయోగాలు కొన్నిటిని వేరేచోట్ల మళ్ళీ చేస్తే అదే ఫలితం రాలేదన్న వివాదం ఉంది. కాబట్టి బరువంతా ఈ ఒక్కదాని మీదే వెయ్యం. కానీ పిల్లల తలకాయలు మారలేదు, గదిలో చదివిన ఒక్క మాట మారింది, అంతలోనే ఫలితం మారిందన్నది గమనించాలి.

ఇక్కడితో అయిపోలేదు. 2006లోనే హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికే ఇంకో సంగతి చూపించారు. చదివినదాన్ని మళ్ళీ మళ్ళీ చదవడం కంటే, చూడకుండా గుర్తుచేసుకుని చెప్పడానికి ప్రయత్నిస్తే అది ఎక్కువకాలం నిలుస్తుంది. అంటే జవాబు చెప్పడం ఉన్న జ్ఞాపకాన్ని చూపించడమే కాదు, జ్ఞాపకాన్ని గట్టిపరచడం కూడా. ఇప్పుడు మావాడి సంగతి మళ్ళీ చూడండి. జరిమానాకి భయపడి ఊరుకున్నాడు. ఊరుకున్నాడు కాబట్టి మాస్టారు అడగడం మానేశాడు. అడగలేదు కాబట్టి గుర్తుచేసుకునే సాధన పోయింది. సాధన పోయాక కొంతకాలానికి నిజంగానే మరుపు వస్తుంది. మొదట అబద్ధంగా వేసిన ముద్ర చివరికి నిజమై కూచుంటుంది. అప్పుడు "మేం ముందే చెప్పలేదా" అంటారు. మౌనం నుంచి మరుపు తయారయ్యే పద్ధతి ఇది.

4. ముతక మాట, సన్న మాట

బడి నుంచి కోర్టుకి వెళదాం. గోదావరి దాటి కృష్ణా డెల్టాకి. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితుల్ని చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. మరణాలు కచ్చితంగా ఎప్పుడు జరిగాయి, ఎక్కడ జరిగాయి, కొట్టినవాళ్ళు ఎవరు అన్నవి రుజువు కాలేదన్నది ఆ తీర్పులో ముఖ్యమైన కారణం. ఆ కేసు సుప్రీంకోర్టుకి చేరింది.

తీర్పులోని న్యాయసూత్రాల జోలికి ఇక్కడ పోవడం లేదు. జ్ఞాపకానికి సంబంధించిన ఒక్క అంశమే తీసుకుంటాం. గోల్డ్‌స్మిత్, కోరియట్, వారి సహచరులు 2002లో ఇంకో సంగతి అచ్చువేశారు. మనుషులు జవాబుని ముతకగానైనా చెప్తారు, సన్నగానైనా చెప్తారు. "సాయంత్రం" అన్నది ముతక మాట. "అయిదూ నలభై" అన్నది సన్న మాట. ముతక మాట నిజమయ్యే అవకాశం ఎక్కువ. సన్న మాట పనికొచ్చేది ఎక్కువ, తప్పయ్యేదీ ఎక్కువే. స్వేచ్ఛగా వదిలేస్తే మనుషులు తమకి ఎంతవరకు నమ్మకముందో అంత సన్నగానే చెప్తారు. ముతకగా చెప్పినవాడు అబద్ధాలకోరు కాడు. తన గేజీ సరిగ్గా చూసుకున్నవాడు.

చేలల్లోకి పరుగెత్తుతున్న మనిషి గడియారం చూసుకోడు. కర్ర ఎవరి చేతిలో, గొడ్డలి ఎవరి చేతిలో, ఎన్ని గజాల దూరంలో అని ఏళ్ళ తర్వాత బోనులో నిలబెట్టి అడిగితే, సన్న మాట చెప్పితీరాలని నిలదీస్తే ఏం జరుగుతుందో కోరియట్ ప్రయోగాలు ముందే చెప్పాయి. బలవంతపు జవాబుల్లో తప్పులు పెరుగుతాయి. ఆ తప్పుల్ని పట్టుకుని ముతకగా చెప్పిన అసలు నిజాన్ని కూడా కొట్టిపారేస్తే, సాక్షి జ్ఞాపకం ఓడిపోయినట్టా? అడిగిన పద్ధతి ఓడిపోయినట్టా? ముద్దాయిలకీ హక్కులున్నాయి, సందేహం తేలకుండా శిక్షించకూడదు. ఆ సూత్రం పేదవాడికే ఎక్కువ అవసరం, మేము దాన్ని వదులుకోం. మేము అడిగేది ఒక్కటే. సాక్ష్యంలో ఏ తేడా అబద్ధానికి గుర్తు, ఏ తేడా మామూలు మనిషి జ్ఞాపకానికి గుర్తు అన్నది శాస్త్రం చాలావరకు విడదీసింది. కోర్టులు దాన్ని ఎప్పుడు చదువుతాయి?

5. అందరూ అనేదే ధీమా

తిరిగి ధవళేశ్వరం వద్దాం. 2012లో కోరియట్ ఇంకొక సిద్ధాంతం ప్రతిపాదించాడు. రెండు జవాబుల్లో ఒకటి ఎంచుకోమంటే, ఎక్కువమంది ఎంచుకునే జవాబుని ఎంచుకున్నవాళ్ళకి ధీమా ఎక్కువగా ఉంటుంది. అది ఒప్పయినా, తప్పయినా. ఎక్కువమంది తప్పు జవాబు వైపున్న ప్రశ్నల్లో తప్పు చెప్పినవాళ్ళే ఎక్కువ ధీమాగా ఉంటారు, ఒప్పు చెప్పిన కొద్దిమంది సందేహంలో ఉంటారు.

"ఆనకట్ట ఎవరు కట్టారు?" అని డెల్టాలో ఎవర్నడిగినా "కాటన్ దొర" అంటారు. తడుముకోరు. 1844లో నివేదిక రాసి, 1847లో పని మొదలెట్టి, 1852కి ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం పాయలమీద ఆనకట్ట పూర్తిచేయించిన ఆర్థర్ కాటన్ పనిని మేము తక్కువ చెయ్యం. 1832-33 నాటి కరువు చూసిన దేశానికి ఆ నీళ్ళు ప్రాణం. కాటన్‌కి ఊరూరా విగ్రహాలున్నాయి, ధవళేశ్వరంలో మ్యూజియం ఉంది. దగ్గరుండి పని నడిపించిన వీణం వీరన్న పేరూ నిలిచింది. నిలవాల్సిందే. కానీ తెలుగులో కట్టడం వేరు, కట్టించడం వేరు. కాటన్ కట్టించాడు. కట్టింది ధవళేశ్వరం కొండ పగలగొట్టి రాయి మోసిన వేలమంది కూలీలు. వాళ్ళ పేర్లతో విగ్రహాల వరస ఎక్కడుంది?

"రాయి మోసింది మావోళ్ళేనంటారండి" అని వాడలో అంటారు. ఆ "అంటారండి"లో ఉన్న సందేహం చూడండి. "కాటన్ కట్టాడు" అనే మాటలో ఆ సందేహం ఉండదు. కోరియట్ లెక్కలో చూస్తే ఈ తేడా ఎవరికి ఎక్కువ తెలుసునన్న దానికి రుజువు కాదు. ఏ మాటని పాఠ్యపుస్తకం, శిలాఫలకం, సభావేదిక వంతపాడుతున్నాయి, ఏ మాట ఒంటరిగా ఉందన్నదే అది చూపిస్తుంది. అలాగని వాడ చెప్పిందల్లా నిజమని మేము అనం. ధీమా నిజానికి గుర్తు కానట్టే, అణచివేతకి గురికావడం కూడా నిజానికి హామీ కాదు. వాడ జ్ఞాపకం కూడా కాగితాలకి, కూలి లెక్కలకి, ఇతరుల మాటకి ఎదురు నిలిచి తేలాలి. పరీక్షకి పెట్టండి అంటున్నాం. పరీక్షకి ముందే కొట్టెయ్యొద్దంటున్నాం.

6. మా పేచీ, మా పని

కోరియట్ మీద మా విమర్శని కుప్పగా చెప్తే ఇది. గేజీ ఉంది, గేటు ఉంది, గీత ఉంది అన్నాడు. జరిమానానిబట్టి గీత జరుగుతుందనీ చూపించాడు. అంతవరకు గట్టి పని. ఆ జరిమానా ఎవరు వేస్తున్నారు, ఎవరికి ఎంత వేస్తున్నారు అన్న ప్రశ్నని ప్రయోగశాల తలుపు బయట వదిలేశాడు. గీత గీసుకునేది మనిషి తనంతట తనేనన్నట్టు ఆ చట్రం కనబడుతుంది. ఈ దేశంలో ఆ గీతని సగం పక్కవాడే గీస్తాడు.

"శాస్త్రంలోకి కులాన్ని లాగుతున్నారు" అంటారు. మేము లాగలేదు. జరిమానా అనే గడి ఆ సిద్ధాంతంలో ముందునుంచీ ఉంది. ఖాళీగా వదిలేసిన గడిలో మేము అంకె వేస్తున్నాం, అంతే.

ఈమధ్య టీచర్ల శిక్షణల్లో మెటాకాగ్నిషన్ మాట బాగా వినబడుతోంది. నీకేం తెలుసో నువ్వే చూసుకో, నిన్ను నువ్వే దిద్దుకో అని పిల్లలకి నేర్పమంటున్నారు. మంచిదే. కానీ జరిమానా అలాగే ఉంచి, గేజీ బాగా చూసుకోమని పిల్లవాడికి చెప్తే ఏమవుతుంది? వాడు ఇంకా బాగా లెక్కగట్టి ఇంకా గట్టిగా నోరు మూసుకుంటాడు. దిద్దుకోవలసింది ముందు నవ్వే తరగతి. పరిశోధకులకీ ఇక్కడ పనుంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ కేంద్రమే ఉంది. తెలుగు బడుల్లో, తెలుగు పిల్లలతో, బలవంతపు జవాబూ స్వేచ్ఛా జవాబూ రెండూ పెట్టి కొలవండి. జవాబివ్వని ప్రశ్నలు ఎవరి కాగితాల్లో ఎక్కువున్నాయో, బలవంతపెడితే వాటిలో ఎన్ని ఒప్పవుతాయో చూడండి. ఆ తేడాయే జరిమానా కొలత.

చివరిగా మా తప్పు కూడా ఒప్పుకోవాలి. టేపు రికార్డరు, నోటు పుస్తకం పట్టుకుని వాడకి పోయి "మీకు ఆనకట్ట గురించి తెలుసా?" అని అడిగింది మేమే. "తెలుసా" అనేది పరీక్ష ప్రశ్న. చదువుకున్నవాడు అడిగే పరీక్షలో వాడకి ఎప్పుడూ జరిమానాయే పడింది. కాబట్టి "మాకేం తెలుసండీ" అన్నారు. ఆ తర్వాత మేము అడిగే పద్ధతి మార్చాం. "మీ తాత ఏం చెప్పేవాడండీ?" అని మొదలెడుతున్నాం. ఇప్పుడు "తెలియదు" అనే మాట తక్కువగా వినబడుతోంది.